నూటికి నూటపన్నెండు పాళ్ళు ఊడ్చిన చీపురు

మా గెడ్డవలసలో ఒక ఏడు చెత్తకు కరువు వచ్చింది. నీళ్ళ కరువు, తిండిగింజల కరువు అందరూ ఎరిగినవే. చెత్త కరువు చూసినవాళ్ళం మాత్రం భూమ్మీద మేమొక్కళ్ళమే. ఊరంతా గాలించినా చారెడు దుమ్ము దొరక్క పక్క మండలం నుంచి లారీలో తెప్పించుకున్నాం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ దుమ్మును తూచినవాణ్ణి నేనే. బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర నిలబడి జుట్టు నెరిసినవాణ్ణి. నా కాటా అబద్ధం చెప్పదు. ఇది ముందే చెబుతున్నాను, గుర్తు పెట్టుకోండి.

ఈ కథంతా ఒక ఆవుతో మొదలైంది. ఆవు పేరు గౌరి, యజమానురాలు లచ్చింపాప. మా ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా గృహప్రవేశానికి గుమ్మంలో తొలి అడుగు గౌరిదే. ఊళ్ళో మేడలు లేచే కొద్దీ అది మెట్లెక్కడం కూడా నేర్చింది. నాలుగో అంతస్తుకు ఎక్కుతూ మలుపు దగ్గర ఆగి, వెనక కలశం పట్టుకొచ్చే ముత్తయిదువలకు దారి ఇచ్చేది. పంతులుగారు మంత్రం మింగేస్తే తల విదిలించేదని కూడా అంటారు. నేనైతే ఒక్కసారే చూశాను.

అలా ప్రతి కొత్త ఇంట్లోకీ ఆవు పలుపు పట్టుకుని వెళ్ళే లచ్చింపాప కంట్లో గచ్చు మీద రంగు మరకలు, కిటికీలకు ఎండిన సిమెంటు, మూలల్లో వడ్రంగి వదిలిన రంపపుపొట్టు పడేవి. ఒకనాడు తన నేస్తం అసిరమ్మతో, అంత పెట్టి ఇల్లు కట్టించుకునేవాళ్ళకు దాన్ని కడిగే మనిషి దొరకడంలేదని చెప్పింది. అసిరమ్మ అప్పటికి జీడిపప్పు కొట్టులో పిక్కలు వలిచే పనిలో ఉండేది. జీడి పాలు కారి కారి ఆమె వేళ్ళ కొనలు కాలిపోయి, వేలిముద్ర పడక రేషను దుకాణంలో తగువులయ్యేవి. ఆ మాట వినగానే ఆ కొట్టు మానేసింది. ఇద్దరూ కలిసి ఇళ్ళు శుభ్రం చేసే వ్యాపారం పెడతామన్నారు. అసిరమ్మకు నేను వరసకు మావను కాబట్టి, సలహా అడగకుండానే సంచి మోయడానికి పిలిచింది.

మొదటి బేరం కూడా ఆమే కుదుర్చుకొచ్చింది. బిల్డరు తారకేశ్వర్రావు అయిదంతస్తుల మేడ కట్టి, అందులోని ఇళ్ళన్నిటికీ శ్రావణంలో ఒకే ముహూర్తానికి పాలు పొంగించే ఏర్పాటు చేశాడు. ముహూర్తం నాటికి మేడ అద్దంలా ఉంటే, ఆ మేడా దాని వెనక కట్టబోయేవీ కలకాలం వీళ్ళకే. లేకపోతే విశాఖపట్నం నుంచి యూనిఫారాల కంపెనీ దిగుతుంది, అసిరమ్మ మళ్ళీ జీడిపిక్కల ముందు కూర్చుంటుంది.

సామాను కొనడానికి సంతకు వెళ్ళాం. శనివారం చీపురు కొనకూడదని లచ్చింపాప, శనివారం తప్ప సంత లేదని అసిరమ్మ. ఆఖరికి చీపుళ్ళు శనివారం తెచ్చుకుని డబ్బు ఆదివారం ఇచ్చారు. దోషం తెలిసినవాళ్ళు సర్దుబాటు కూడా తెలుసుకునే ఉంటారు. అసిరమ్మ ఒక్కొక్క కొండచీపురూ తీసి, మొదలు నొక్కి, ఒక ఈన లాగి, వాసన చూసి, చివరికి నా వీపు మీద ఒక్కటి వేసి చూసి పక్కన పెట్టేది. చురుక్కుమన్నది పనికిరాదట. మెత్తగా తగిలింది మాత్రమే గదుల్లోకి. వాకిళ్ళకు కొబ్బరీనెల చీపుళ్ళు, పైకప్పులకు బూజుకర్ర, గచ్చు తుడవడానికి నా పాత లుంగీలు, రంగు గీకడానికి బ్లేళ్ళు, కిరసనాయిలు, సోడా, ఫినాయిలు. లచ్చింపాప మల్లెపూల వాసన ఫినాయిలు కావాలని మారాం చేసింది. అది పోస్తే ఇల్లు కడిగినట్టుండదు, పెళ్ళివారు దిగినట్టుంటుందని అసిరమ్మ కొట్టిపారేసింది.

ఆ సామానుతో మేడ గేటు దగ్గరకు వెళ్ళేసరికి అక్కడ జీపు ఆగి ఉంది.

మా ఊరిని ఆ ఏడే ఆదర్శ శుభ్రతా పట్టణంగా ప్రకటించారు. దానికోసం గృహ పారిశుద్ధ్య ప్రమాణాల మండలి అని ఒకటి వెలిసి, ప్రత్యేకాధికారిగా హయగ్రీవరావుగారిని పంపింది. ఆయన మెడలో అద్దాలు, చేతిలో అద్దాలు, ముక్కు మీద అద్దాలు. ఇంత చూపు ఉన్న మనిషికి మా చీపుళ్ళ కట్ట కనబడకుండా ఎలా ఉంటుంది.

“ఈ ఉపకరణాన్ని ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారు?” అని అడిగారు.

“బాగుందనీసి బాబూ,” అంది అసిరమ్మ.

“ఎంత బాగుందని?”

అసిరమ్మ నా వైపు చూసింది. నేను నా వీపు తడుముకున్నాను.

“చూడమ్మా. ఇంట్లో చీపురు కొనుక్కోవడం అభిరుచి. వ్యాపారానికి చీపురు ఎంపిక చేయడం విధాన నిర్ణయం. అభిరుచిని విధానంగా అమలుచేయడాన్ని మండలి ఉపేక్షించజాలదు,” అన్నారు హయగ్రీవరావుగారు. శాస్త్రీయ పరీక్షలో నెగ్గిన పరికరాలతో ఊడిస్తేనే ఊడ్చినట్టనీ, అప్పుడే లైసెన్సు ఇస్తామనీ, అది లేకుండా మేడలో పుల్ల కదిపితే తాళం వేయిస్తామనీ సెలవిచ్చారు. చీపుళ్ళను, బూజుకర్రను, నా లుంగీలతో సహా మండలి గదిలో పెట్టి సీలు వేశారు. పరీక్షలో తూకం అవసరం కనుక నన్ను, నా కాటాను కూడా ప్రభుత్వ సేవలోకి తీసుకున్నారు.

పరీక్ష పద్ధతి వినడానికి సులువుగానే ఉంది. నేల మీద మురికి తూచి చల్లాలి. చీపురుతో ఊడ్చి, వచ్చినదాన్ని మళ్ళీ తూచాలి. వేసినదాంట్లో నూటికి ఎన్ని పాళ్ళు తిరిగి వస్తే ఆ చీపురుకు అన్ని మార్కులు. తొంభయి దాటితే పాసు.

చిక్కంతా మురికి దగ్గర వచ్చింది. అన్ని చీపుళ్ళకూ ఒకే రకం మురికి పెట్టకపోతే ఒకదానికి అన్యాయం జరిగిందని రేపు కోర్టుకు పోవచ్చట. బజారు మురికిలో కిళ్ళీ, బడి మురికిలో సుద్దముక్కలు, గుడి మురికిలో పూలు. ఇలా ఊళ్ళో వీధికో రుచి. ఎన్నో అటకలు పరిశీలించి, చివరికి తవిటినాయుడి అటక మీది దుమ్మును ప్రామాణిక మురికిగా నిర్ణయించారు. మూడు తరాలుగా ఆ అటక ఎక్కినవాడు లేడు. తవిటినాయుడు ఆనాడే గుమ్మానికి బోర్డు కట్టించాడు, అతని భార్య పేరంటాలకు వెళ్ళి ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది.

“అయితే ఒక షరతు,” అన్నారు హయగ్రీవరావుగారు. “మురికిలో మలినాలు ఉండరాదు.”

అందుచేత తవిటినాయుడి దుమ్మును జల్లెడ పట్టి, కడిగి, ఆరబెట్టి, బల్లి గుడ్డు పెంకుల్లాంటివి ఏరి పారేయాల్సి వచ్చింది. ఆ పని అసిరమ్మకు, లచ్చింపాపకు పురమాయించారు. అలా మా వాళ్ళ వ్యాపారంలో మొట్టమొదట శుభ్రం చేసింది మురికినే.

“ఏటి మావా, మురికిని ఇంత తెల్లగా ఉతికీసినాక మరి ఊడవడం దేనికి?” అంది లచ్చింపాప. అది విధాన నిర్ణయమని చెప్పాను.

పైగా ఒకసారి ఊడ్చిన మురికిని రెండోసారి వాడకూడదన్నారు. దానికి ఊడ్పు అలవాటై సులువుగా లొంగిపోతుందట. ప్రతి చీపురుకూ తాజా మురికి కావాలి. తవిటినాయుడి అటక ఊడ్చుకుపోయింది. తర్వాత వాళ్ళ పాలివాళ్ళ అటకలు, రైసుమిల్లు చూరు, బస్టాండు. ఊళ్ళో దుమ్మంతా మండలి ఆస్తి అని టముకు వేయించి, రోడ్లు ఊడ్చేవాళ్ళను ఇళ్ళకు పంపించేశారు. జనం గుమ్మాల్లో మంచాలు వేసుకుని ఎవరి దుమ్ముకు వాళ్ళు కాపలా కాశారు. ఒక ముసలమ్మ మనవడి కాళ్ళు గుమ్మం లోపల దులిపించేది, ఇంటి సొత్తు బయటికి పోతుందని. అదుగో, కరువు అలా వచ్చింది.

పరీక్ష రోజున మండలి హాలు నిండిపోయింది. మొదట లచ్చింపాప పశువుల సాలలో వాడే అరిగిన చీపురు. నూటికి తొంభయ్యేడు. హయగ్రీవరావుగారు తల ఊపారు గాని ఉత్సాహపడలేదు. ముసలి చీపురు పాసైతే పేపరులో ఫొటో వేయరు.

తర్వాత పట్నం నుంచి ఇద్దరు మోసుకొచ్చిన దుమ్ము పీల్చే యంత్రం. దాని అరుపుకు కుక్కలు ఊరు దాటాయి. వేసినదంతా మింగింది. సంచీ విప్పి ఎంత దులిపినా సగం కూడా తిరిగి ఇవ్వలేదు.

“ప్రభుత్వ మురికిని ఈ యంత్రం సొంతం చేసుకుంది. ఇది దుర్వినియోగం,” అని దాన్ని ఫెయిలు చేశారు.

మూడోది అసిరమ్మ సంతలో కొన్న కొత్త కొండచీపురు, సీలు గదిలోంచి ఒక్కటి తెప్పించారు. కొత్త కొండచీపురు ఇంటికి తెచ్చినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మొదటి వారం అది ఊడ్చేదానికన్నా రాల్చేది ఎక్కువ. ఆమె రెండు విసుర్లు విసిరిందో లేదో హాలంతా పొట్టు లేచి, కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి మీసాలు నెరిసిపోయాయి. పోగు చేసి నా కాటా మీద పెట్టింది. నూటపన్నెండు.

మా అందరి నెత్తి మీదా పొట్టు ఉంది, ఎవరూ దులుపుకోలేదు. అసిరమ్మ నోరు తెరవబోతే లచ్చింపాప ఆమె చెంగు లాగింది. పాసయ్యాక ఇంకా మాటలెందుకు.

హయగ్రీవరావుగారు ముక్కు మీది అద్దాలు తీసి చేతిలోవి పెట్టుకున్నారు. “మనం వేసినదానికన్నా ఎక్కువ తీసింది. అంటే నేలలో కంటికి కనబడని అంతర్గత మురికి ఉందన్నమాట. మన ఇళ్ళను మనం ఇంతకాలం పైపైనే నమ్ముతూ వచ్చాం,” అన్నారు. ఆ మాటకు ఇద్దరు గుమాస్తాలకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పొట్టు పడిందేమో తెలియదు.

అక్కడితో లైసెన్సు ఇచ్చేస్తే కథ లేదు. ఇంత గొప్ప ఫలితాన్ని మళ్ళీ చూడాలని ఆయనకు కోరిక పుట్టింది. రెండోసారి నూటనాలుగు. మూడోసారి తొంభయ్యెనిమిది. పొట్టు రాలే కొద్దీ అంకె రాలింది.

“పరికరంలో నిబద్ధత సన్నగిల్లుతోంది,” అని ఆయన చింతించారు. ఒకసారి ఊడ్చిన చీపురు ఊడవడానికి పనికిరాదని కొత్త నిబంధన రాయించారు. నూటపన్నెండు సాధ్యమైనప్పుడు నూటయాభై ఎందుకు కాదని పాసు మార్కు పెంచి, వర్తకులను పిలిపించారు.

వచ్చినవాళ్ళలో జగ్గారావు షావుకారు తెలివైనవాడు. అతనిదే రైసుమిల్లు. అతను పరీక్షను ఒక్కసారి చూశాడు, కాటాను ఒక్కసారి చూశాడు, నేలను అసలు చూడలేదు. మర్నాడు మహాశుభ్ర అనే చీపురు తెచ్చాడు. పిడి నా తొడంత లావు, లోపల డొల్ల, అడుగున చిల్లులు. డొల్ల నిండా మెత్తటి తవుడు. ఊడుస్తుంటే జలజల రాలుతుంది. మహాశుభ్రకు నూటఎనభై వచ్చింది. పరీక్ష అయ్యాక గచ్చు మీద అడుగు వేస్తే పాదం దిగబడింది. కానీ ఎవరూ కిందికి చూడలేదు, అందరి కళ్ళూ ముల్లు మీదే.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. అసిరమ్మకు లైసెన్సు కావాలంటే ముహూర్తం నాటి పొద్దున్న, తారకేశ్వర్రావు మేడ కింది ఇంట్లో, హయగ్రీవరావుగారి సమక్షంలో మహాశుభ్రతో ఊడ్చి చూపించాలి.

ఆ కాగితం చదివి వినిపించాక అసిరమ్మ తన వేళ్ళు చూసుకుంది. అప్పుడప్పుడే వాటి మీద కొత్త చర్మం వస్తోంది.

“దాంతో ఊడిస్తే బిల్డరు తరిమెత్తాడు. ఊడవకపోతే ఈ బాబు తాళం ఎయిస్తాడు. ఎటెల్లినా ఆ జీడికొట్టే గదా మావా,” అంది.

నేను మాట మార్చి, గృహప్రవేశానికి గారెల పప్పు ఎంత నానబెడతారో చెప్పబోయాను. ఆమె వినలేదు. లేచి వెళ్ళి లచ్చింపాప సాలలోని ముసలి చీపురు తీసింది. ఆమే లచ్చింపాపా ఇద్దరూ వెనక గేటు నుంచి మేడలోకి దూరి, బిల్డరు కాపలావాడు చూసీ చూడనట్టు ఊరుకోగా, అయిదంతస్తులూ అనధికారంగా శుభ్రం చేశారు. బ్లేడుతో గీకారు, సోడాతో తోమారు, ఇంట్లోవాళ్ళ పంచెలు ఒక్కటి మిగలకుండా తుడుపుగుడ్డలయ్యాయి. ముహూర్తం నాటికి ఆ తెల్లటి గచ్చు మీద ఈగ వాలితే జారిపడేది. పడ్డ ఈగను నేను చూశాను.

ఆ పొద్దున్న సన్నాయివాళ్ళు వచ్చారు, అరటిచెట్లు కట్టారు, పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. లచ్చింపాప గౌరి కొమ్ములకు పసుపు రాసి గేటు దగ్గర నిలబెట్టింది. హయగ్రీవరావుగారు జీపు దిగి ప్రామాణిక మురికి చల్లమన్నారు. గుమాస్తా చేతులు నలుపుకున్నాడు. ఊళ్ళో దుమ్ము నిండుకుంది, ఈసారి లారీ కూడా రాలేదు. పక్క మండలం వాళ్ళు తమ దుమ్మును ఇక బయటికి పోనివ్వబోమని తీర్మానం చేశారట.

“పరవాలేదు. ఉన్న మురికి సున్న అని రాసుకో. పరీక్ష ఆగరాదు,” అన్నారాయన.

అసిరమ్మ నా వైపు ఒక చూపు చూసి మహాశుభ్ర ఎత్తింది. హాలు, రెండు గదులు ఊడ్చింది. పోగైనంత నా కాటా మీద పెట్టింది. పోగు కానిదంతా గదుల నిండా గంధం పూసినట్టు పరుచుకుంది. పోగైనది రెండు కిలోలు.

“వేసింది సున్న, వచ్చింది రెండు కిలోలు బాబూ. నూటికి ఎంత పడింది?” అని అడిగాను. నాది ఊరిబడి లెక్క, సున్నతో భాగించడం దాకా మా మేష్టారు రాలేదు.

హయగ్రీవరావుగారు కాగితం మీద వేశారు, చెరిపారు, మళ్ళీ వేశారు. మూడు జతల అద్దాలూ మార్చారు. చివరికి, “అనంతం,” అన్నారు.

సరిగ్గా అప్పుడే బిల్డరు తారకేశ్వర్రావు పట్టు పంచెతో లోపలికి అడుగు పెట్టాడు. పెట్టిన అడుగు జారింది. నిన్న సాయంత్రం తళతళలాడిన గచ్చు మీద కోళ్ళ ఫారంలా పరుచుకున్న తవుడు చూశాడు. చేతిలో మహాశుభ్రతో నిలబడ్డ అసిరమ్మను చూశాడు. జేబులోంచి ఫోను తీసి విశాఖపట్నం నంబరు వెతకడం మొదలుపెట్టాడు. అసిరమ్మ ముఖం ఆ తవుడు రంగుకు తిరిగింది. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని, ఆవును తెమ్మని బయటి నుంచి కేక వేశారు.

లచ్చింపాప గుమ్మం దాకా వచ్చింది, లోపలి వ్యవహారం చూసింది, చేతిలోని పలుపు వదిలేసింది.

గౌరి ముహూర్తమని ఉపవాసం ఉన్న ఆవు. కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. ముక్కుపుటాలు ఎగరేసింది. తర్వాత నేను చూసింది చెబితే అబద్ధమంటారు, అయినా చెబుతాను. ఆ మూల నుంచి ఈ మూలకు నాలుకతో గీత గీసినట్టు, వరస తప్పకుండా, గది వెంట గది నాకుతూ పోయింది. తలుపు సందులు నాకింది. పోగు వేసిన రెండు కిలోలూ కాటా మీదనే ముగించింది. ఆఖరున అసిరమ్మ చేతిలోని మహాశుభ్రను మర్యాదగా లాక్కుని, పిడితో సహా నమిలి మింగింది. గచ్చు మళ్ళీ అద్దమైంది, ఈసారి తడి మెరుపుతో. ఇంటి లక్ష్మి ఇంత ఇష్టంగా లోపలికి రావడం తన సర్వీసులో చూడలేదని పంతులుగారు ఆవు తోకను కళ్ళకద్దుకున్నారు. తారకేశ్వర్రావు గచ్చులో తన ముఖం చూసుకుని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అందరూ పాలు పొంగించడానికి కదిలారు. హయగ్రీవరావుగారు ఒక్కరే కదల్లేదు. “ఆగండి. తీసిన మురికి తూకానికి రావాలి. అది ఇప్పుడు ఎక్కడుంది?”

అందరం గౌరి వైపు చూశాం.

“అయితే వసూలు పెండింగు,” అని ఆయన కుర్చీ వేయించుకుని ఆవు వెనక కూర్చున్నారు. సన్నాయివాళ్ళు రెండు కీర్తనలు, ఒక సినిమా పాట వాయించారు. మూడోది ఎత్తుకుంటుండగా గౌరి గడప మీద శుభప్రదంగా పేడ వేసింది. ముత్తయిదువలు చెంపలు వేసుకున్నారు. నేను తూచాను. వేసింది రెండు కిలోలు, వచ్చింది నాలుగు కిలోల ఎనిమిది వందలు.

“నూటికి రెండువందల నలభై. అదీ తొలి విడతలోనే,” అన్నారు హయగ్రీవరావుగారు లేచి నిలబడి.

మరి మహాశుభ్రకు అనంతం వచ్చింది కదా అని జగ్గారావు షావుకారు గొడవ చేశాడు. రిజిస్టరు గడిలో మూడంకెలే పడతాయనీ, అనంతం అందులో పట్టదు కనుక దాన్ని గైరుహాజరుగా పరిగణించామనీ ఆయన వివరించారు. పైగా ఆ చీపురు ప్రస్తుతం భౌతికంగా లేదు.

లైసెన్సు ఆనాడే వచ్చింది. అది గౌరి పేరు మీద వచ్చింది. పరీక్ష నెగ్గినవారికే ఇవ్వాలి కనుక సంస్థ యజమాని గౌరి. పరికరాలు అన్నచోట అసిరమ్మ, లచ్చింపాప అని రాశారు. అసిరమ్మ అది విని, పోనీలెమ్మంది. మేడ ఆమె చేతికి వచ్చింది, ఆ వెనక మేడలూ వచ్చాయి. ఇవాళ ఊళ్ళో సగం ఇళ్ళు ఆ ఆవు పేరు మీదే తళతళలాడుతున్నాయి. సీలు వేసిన చీపుళ్ళు, నా లుంగీలు మాత్రం ఇంకా మండలి గదిలోనే ఉన్నాయి.

ఏటా శ్రావణంలో హయగ్రీవరావుగారు తనిఖీకి వస్తారు. యజమానికి పూలదండ వేసి నమస్కరిస్తారు. తర్వాత పరికరాల అరుగుదల చూడాలి. అందుకు నా ప్లాట్‌ఫారం కాటా తెప్పించి ఇద్దరినీ ఒక్కొక్కరినే ఎక్కిస్తారు. నిరుటి బరువులో నూటికి నూరు పాళ్ళు రాకపోతే పరికరం అరిగిందని లెక్క, లైసెన్సు రద్దు. లచ్చింపాపకు ఏ దిగులూ లేదు, ఏటా అంకె పెరుగుతూనే ఉంది. అసిరమ్మ మాత్రం అయిదంతస్తులు ఎక్కి దిగే మనిషి. తనిఖీ నాడు చద్దన్నం మీద గారెలు, గారెల మీద అరటిపళ్ళు తిని వస్తుంది. అయినా ఈసారి కాటా ఎక్కుతూ నా చెవిలో వేసింది.

“చిక్కీసినాను మావా. తగ్గినానంటే మల్లా జీడిపిక్కలే. ఓపాలి నీ కాలి బొటనేలు ఇలా ఆన్చు.”

హయగ్రీవరావుగారు మెడలోని అద్దాలు ముక్కుకు ఎక్కించి ముల్లు మీదికి వంగారు. నూటికి నూటనాలుగు. పరికరం దృఢంగా ఉందని రాసుకున్నారు.

నా కాటా అబద్ధం చెప్పదని మొదటే అన్నాను. నా కాలి బొటనవేలి గురించి నేనేమైనా అన్నానా?